దిగువ కాలువ టైము

సనోబర్ ఖోలా, మా వీధి పిన్ని, తందూరు ముందు కూర్చుని రొట్టెలు తీస్తూ అన్నదట: “ఎర్గషాలి చిన్నకోడలు కంప్యూటర్లో నాలుగు ముక్కలు రాస్తే చాలంట, కాలువలో నీళ్ళు దాని మాట వింటున్నాయంట. ఎవరి వంతొస్తే వాళ్ళ మడిలోకి వాటంతటవే తిరుగుతున్నాయంట.”

ఆవిడ ఈ మాట నాతో అనలేదు. మూలింట్లో బట్టలు కుట్టే ఆమెతో అంది. ఆమె మా అత్తగారికి మోసుకొచ్చింది. అత్తగారు పెరట్లో జల్దారు పళ్ళు ఎండబోస్తూ, నాలుగిళ్ళకు వినబడే గొంతుతో నాకు చెప్పింది.

“విన్నావా నఫోసత్? ఊరంతా మన చిన్నదాని మాటే.”

విన్నాను. నీళ్ళు వింటే గింటే ముందు మా మామగారి పార మాట వినాలి. ఆ తర్వాత నా మాట వినాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా, గదిలో ఒక మూల పొయ్యి, ఒక మూల నా పాత లాప్‌టాప్ పెట్టుకుని, పైథాన్‌లో ఆ కోడంతా రాసింది నేను. పదకొండు దారులు. ఒక దారిన కాలువ పేరు అడిగితే ఎవరి వంతు ఎప్పుడో చెబుతుంది, ఇంకో దారిన మనిషి పేరు అడిగితే అతని వంతు చెబుతుంది. తూము ఎత్తినట్టే. అడిగినవాడికి అడిగినంత వదులుతుంది. ఏపీఐ అంటే అంతకంటే మర్మమేమీ లేదు. నీటి సంఘంవాళ్ళు ఆ పని నాకిచ్చారు. ఓష్ పట్నంలో చదువుకున్న కోడలు ఊళ్ళో నేనొక్కదాన్నే కనుక ఇచ్చారు.

మా మామగారు ఎర్గషాలి నలభై ఏళ్ళుగా నీరుగంటి. కాలువ మా ఊరి మీదుగా పోయి, చివరి మడి దాటగానే సరిహద్దు దాటుతుంది. ఇవతల మాది కిర్గిజ్ దేశం, అవతల ఉజ్బెకిస్తాన్. అక్కడి గడియారం మనకంటే గంట వెనక. అందుకని ఆయన రెండు చేతులకీ రెండు గడియారాలు కడతాడు. ఎడమచెయ్యి మనది, కుడిచెయ్యి వాళ్ళది. పై కాలువ వాళ్ళతో మన టైములో మాట్లాడతాడు, దిగువ కాలువ వాళ్ళతో వాళ్ళ టైములో మాట్లాడతాడు. నోటుపుస్తకంలో కూడా అంతే, పేజీ తిప్పితే గంట మారుతుంది. మార్చిలో నవ్రోజు పండక్కి చీటీలు వేసి వంతులు పంచిన తర్వాత ఆ పుస్తకం నాకిచ్చి, “ఎక్కించమ్మాయ్” అన్నాడు. నేను దిగువ కాలువ పేజీలకు ఒక్కో గంట కలిపి, మొత్తం బిష్కెక్ టైములో, అంటే మన టైములో, ఎక్కించాను. ఒకే సర్వరు, ఒకే గడియారం. టైము పక్కన ఏ ఊరి టైమో చెప్పే తోక మాత్రం తగిలించలేదు. బద్ధకం. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అప్పటికి మా ఇంట్లో ఒకటే పొయ్యి, ఇంకా వేరుపడలేదు.

*

ముహయ్యో మేలో మా ఇంటికి వచ్చింది. నా మరిదికి పెళ్ళాం, నాకు తోటికోడలు. అవతలి ఊరి పిల్ల. వాళ్ళ నాన్న సోబిర్‌జాన్‌ది దిగువ కాలువ కిందే మడి. అక్కడ బళ్ళో అమ్మభాష పాఠాలు చెప్పేది. ఇక్కడ ఇంకా ఉద్యోగం దొరకలేదు. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, వంగి వంగి అందరికీ సలాములు పెట్టి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక నిలబడేది.

“దానికి కాస్త పనేదైనా చెప్పవే, కిటికీలోంచి సరిహద్దు వైపు చూస్తా కూచుంటోంది” అంది అత్తగారు.

నేను వాడే ఫ్రేమ్‌వర్క్‌లో ఒక సుఖం ఉంది. కోడు రాస్తూ పోతుంటే, దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీ పక్కన దానంతటదే తయారవుతుంది. ఒక్కో దారి కింద నాలుగు మాటలు రాస్తే ఆ మాటలు పేజీ మీద కనిపిస్తాయి. నేను రాసినవి ఎలా ఉండేవంటే: “కాలువ ఐడీ ఇవ్వాలి. జాబితా వస్తుంది.” ఆ పేజీ చదివి ఓష్‌లో నీటి ఆఫీసువాళ్ళు, అవతల ఇంకో కుర్రాడు, రైతుల ఫోన్లకు కబుర్లు పంపే యాప్‌లు కట్టుకోవాలి. వాళ్ళకు నా రాత సగం అర్థం కాలేదు.

“ఈ మాటలు కాస్త మనుషులు చదివేలా రాస్తావా?” అన్నాను ముహయ్యోతో. విసుగొచ్చిన పని మీద వేసి వదిలించుకుందామనే అన్నాను, వేరే ఉద్దేశం లేదు.

అది రాసింది చూశాను: “కాలువ పేరు చెప్పండి, ఎవరి వంతో చెబుతాను. పేరు తప్పితే 404 అంటాను. కోపం తెచ్చుకోకండి. ఆ పేరుతో కాలువ లేదని అర్థం. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగి మళ్ళీ రండి.”

నాకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగింది.

*

జూన్ నెలాఖరుకు చిల్లా మొదలైంది. ఎండ నలభై రోజులు నెత్తిమీద కూర్చునే కాలం. ఆ వారమే ఓష్ నుంచి తిలెక్ వచ్చాడు, నీటి ఆఫీసులో పనిచేసే కిర్గిజ్ కుర్రాడు. పందిరి కింద తాపీగా టీ తాగుతూ, తన ఫోన్లో ఆ పేజీ తెరిచి, మా మామగారి ముందు పెట్టాడు.

“తాతా, ఇట్లాంటివి నేను యాభై చూసుంటాను. ఇంత బాగా రాసింది మాత్రం చూళ్ళేదు. రెండు రోజుల్లో అయిపోయింది నా పని. ఎవరు రాశారిది?”

“చిన్నకోడలు” అన్నాడు మామగారు.

“కోడు?” అనలేదు తిలెక్. కోడు కనబడదు కదా. నేల కింద గొట్టంలాంటిది. పైన పంపు పట్టుకున్నవాడికే దణ్ణం పెడతారు.

“నఫోసత్ కూడా అందులో పని చేసిందిలే” అంది అత్తగారు, నా పళ్ళెంలోకి రొట్టె ముక్క తుంపి వేస్తూ. ఆ ‘కూడా’ ఆ రొట్టె ముక్కతో పాటే నా పళ్ళెంలో పడింది.

ఆ రాత్రికి మా ఆయన రవ్షన్ వ్యాను శుభ్రం చేసుకుని ఇంట్లోకొచ్చి అన్నాడు: “స్టాండులో కుర్రాళ్ళు చూపించారు నీ పేజీ. భలే ఉంది. చిన్నమ్మాయి చెయ్యి మంచిది.”

“నీ వ్యాను నడిచేది ఇంజనుతోనా, పక్కన రాసిన ఊరి పేరుతోనా?” అన్నాను.

“ఊరి పేరు లేకపోతే ఎవడెక్కుతాడే” అని నవ్వి పడుకున్నాడు.

ఇవన్నీ మింగాను. మింగలేకపోయింది వేరే ఉంది. తిలెక్ వెళ్ళిన మర్నాటి నుంచీ మామగారు పొద్దున్నే తూము దగ్గర్నుంచి రాగానే ముహయ్యోను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. పిల్లకాలువల పేర్లు చెప్పేవాడు. ఏ మలుపులో ఏ ఏడు గట్టు తెగింది, ఎవరి తాత ఎవరి మడవ కట్టాడు, తోక మడికి నీళ్ళు చేరాలంటే పైన ఎన్ని వేళ్ళెత్తున వదలాలి. నేనీ ఇంటికొచ్చి పదేళ్ళయింది. నాకాయన చెప్పింది “ఎక్కించమ్మాయ్” అన్న ఒక్క ముక్క. అది పందిరి కింది చెక్క మంచం అంచున కూర్చుని, తలగుడ్డ చెవి వెనక్కి తోసుకుని, రాసుకుంటుంటే, ఆయన నవ్వేవాడు. మామగారికి కింది పళ్ళు రెండు లేవని నాకు అప్పుడే తెలిసింది.

“మామయ్యా, మా వైపు వాళ్ళకు మీరు టైము ఎట్లా చెబుతారు?”

“మీ టైములోనే చెబుతానమ్మాయ్. మనిషి చేతికున్న గడియారం బట్టే చెప్పాలి. లేకపోతే అతను పొలంలో నిలబడి ఆకాశం చూస్తాడు.”

అది రాసుకుంది. నేను బియ్యం ఏరుతూ విన్నాను.

*

ముహయ్యో ఏం రాసినా నేను చదివి, సరే అంటేనే పేజీ మీదికి ఎక్కుతుంది. అది మా పద్ధతి. తప్పుంటే దిద్దాలి, దిద్దినది ఎవరు దిద్దారో ఎప్పుడు దిద్దారో అక్కడే ఉండిపోతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం అది పంపిన ముక్క తెరిచాను. దిగువ కాలువ గురించి. కింద ఒక నమూనా పెట్టింది. అడిగితే జవాబు ఎలా వస్తుందో చూపించడానికి. నమూనాలో పేరు సోబిర్‌జాన్. వాళ్ళ నాన్న. సర్వరు ఇచ్చిన జవాబునే దించింది: మొదలు ఆరు, ముగింపు ఎనిమిది.

కాలువ కింద నూట నలభై మంది రైతులుంటే దీనికి వాళ్ళ నాన్నే దొరికాడా అనుకున్నాను. నేను కట్టిన ఇంటి గుమ్మం మీద దాని పుట్టింటి పేరు. రేపు రెండు దేశాల్లో ఎవడు ఆ పేజీ తెరిచినా ముందు సోబిర్‌జాన్ కనిపిస్తాడు. ఆ పేరు కొట్టేశాను. ‘రైతు 1’ అని పెట్టాను.

దాని కింది లైను: “దిగువ కాలువ టైములన్నీ తాష్కెంటు టైములో ఉంటాయి.”

తాష్కెంటు అంటే అవతలి గడియారం. ఆ లైను దగ్గర నా వేలు ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. బయట అత్తగారు, “ముహయ్యో, మీ మామయ్య పిలుస్తున్నారే” అంటోంది. అది “వస్తున్నా” అని పరుగెత్తిన చెప్పుల చప్పుడు వినిపించింది.

సరే నొక్కాను.

తర్వాత లేచి బియ్యం కడిగాను.

మర్నాడు అది పేజీ తెరిచి చూసుకుంది. ‘రైతు 1’ దగ్గర కాసేపు చూసింది. నా వైపు చూసింది. చీపురు తీసుకుని వాకిట్లోకి పోయింది. నాకు అదీ కోపమే తెప్పించింది.

*

ఈ ఏడు మామగారు ఎవరికీ కబురు పెట్టనన్నాడు. “అంతా ఫోన్లో ఉంది, చూసుకోండి” అన్నాడు, ఆ మాట అనడంలో ఆయనకు కాస్త గర్వం కూడా. అవతలి కుర్రాడు మా పేజీ చదివి యాప్ కట్టాడు. పేజీలో ఎలా ఉంటే అలాగే, తాష్కెంటు టైమనే, రైతుల ఫోన్లకు వెళ్ళింది.

సోబిర్‌జాన్ గోధుమ కోసిన మడిలో క్యారెట్ చల్లాడు. చుట్టుపక్కల వాళ్ళవి ఎదిగిన పైర్లు, గంట నీళ్ళు అటూఇటయినా తట్టుకుంటాయి. చిల్లాలో క్యారెట్ విత్తనం మొలవాలంటే మొదటి రెండు తడులు నిండుగా పడాలి. పై మట్టి గట్టిపడిందా, లోపలి విత్తనం లోపలే వేగిపోతుంది. వంతు ఎనిమిది రోజులకొకసారి.

మొదటి వంతు తర్వాత ముహయ్యోకి పుట్టింటి నుంచి ఫోనొచ్చింది. నేను బట్టలారేస్తున్నాను, అది గోడవైపు తిరిగి మాట్లాడుతోంది.

“లేదు నాన్నా, మామయ్య అట్లాంటివారు కాదు... పైన ఎవరన్నా మడవ తిప్పుకున్నారేమో... ఈసారికి చూడు నాన్నా.”

ఫోన్ పెట్టి నా దగ్గరికొచ్చింది. “అక్కా, మా నాన్నకు రెండు గంటల వంతులో గంటే అందిందంట. సగం మడి తడవలేదంట. ఏమై ఉంటుంది?”

“కొత్తగా పూడిక తీశారు కదా. నీళ్ళు తాగేసి ఉంటుంది కాలువ” అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. లోపలికెళ్ళి ఆ లైను మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టదు. మారిస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు మార్చలేదనే ప్రశ్న వస్తుంది. రానీ, ఇంకో వంతు చూద్దాం అనుకున్నాను. తప్పు దానంతటదే బయటపడితే, రాసింది ఎవరో పేజీ మీద ఉంది కదా. ఊరికంతా తెలిసిందే కదా.

రెండో వంతుకూ గంటే అందింది.

*

సోబిర్‌జాన్ ఆ శుక్రవారం వచ్చాడు, వాళ్ళ ఊరి పెద్దాయనొకణ్ణి వెంటబెట్టుకుని. ఇద్దరూ పారలు పట్టుకుని బయల్దేరారట. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు చూసి మనుషుల్ని వదిలారు గానీ పారల్ని వదల్లేదు. ఖాళీ చేతులతో పందిరి కిందికొచ్చి, చెప్పులు విప్పి, కూర్చున్నారు. ముహయ్యో టీ పోసింది. తండ్రి కప్పు అందుకున్నాడు గానీ కూతురి ముఖం చూడలేదు.

“పిల్లనిచ్చాను వియ్యంకుడు గారూ” అన్నాడు. “నీళ్ళు కూడా మీరే ఉంచేసుకుంటారని తెలీదు.”

మామగారు కప్పు కింద పెట్టాడు. “ఇంకోసారి అను.”

“అంటాను. రెండు వంతులు. గంట ఇచ్చి గంట కోశారు. ఎనిమిదింటి దాకా నా వంతయితే ఏడింటికే తూము మూశారు. మడిలో ఒక్క మొలక లేదు. వేళ్ళతో తవ్వి చూశాను, విత్తనం మాడిపోయింది.”

“నలభై ఏళ్ళలో నన్ను దొంగన్నవాడు లేడు.”

“నలభై ఏళ్ళూ నేనూ అనలేదు.”

మామగారు చొక్కా చేతులు పైకి తోసి రెండు మణికట్లూ ముందుకు చాపాడు. “ఇదిగో, ఇది నాది. ఇది నీది. నీ గడియారంలో ఐదింటికి ఎత్తాను. ఏడింటికి మూశాను. నా చేత్తో.”

“ఐదేంటి?” అన్నాడు సోబిర్‌జాన్. జేబులోంచి ఫోన్ తీశాడు. “ఆరు. మా టైము ఆరు అని ఇక్కడుంది. ఆరింటికి నేను పోయేసరికి నీళ్ళొచ్చి గంటయింది. ఎవరూ మడవ తిప్పేవాళ్ళు లేక డ్రెయిన్‌లోకి పోయాయి.”

ముహయ్యో చేతిలో కెటిల్ అలాగే వంగి ఉంది. కప్పు నిండి, పళ్ళెం నిండి, టీ కింద పరిచిన బట్ట మీదికి పారుతోంది. అది మామగారి ఎడమచేతి గడియారం చూసింది, కుడిచేతిది చూసింది. పెదాలు కదిలాయి. లెక్క వేసుకుంటోంది.

“నాన్నా, ఆ మాట నేను రాశాను” అంది. “మామయ్యది తప్పు లేదు. నేనే. పేజీ మీద తాష్కెంటు టైమని రాశాను. అది ఇక్కడి టైము.”

సోబిర్‌జాన్ అప్పుడు చూశాడు కూతురి వైపు. ఏమంటాడో అనుకున్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన గడ్డం తడుముకుని, దేవుణ్ణి తలుచుకుని, లేచాడు. ఇద్దరూ అన్నానికి ఆగలేదు. వియ్యాలవారింట్లో అన్నం తినకుండా లేచి వెళ్ళడం ఎలాంటిదో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు.

నేను రొట్టెల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక లోపలికెళ్ళి ఆ లైను మార్చాను. టైముల పక్కన తోకలు కూడా తగిలించాను. నిజంగానే నాలుగు నిమిషాలు పట్టింది.

*

మర్నాడు మామగారు తూము చక్రం తాళంచెవి తీసుకెళ్ళి సంఘం బల్ల మీద పెట్టి వచ్చాడు. వద్దన్నారట, పొరపాటేగా అన్నారట. “నా ఇంట్లో రాసిన మాట వల్ల ఒక మడి ఎండింది. ఇంకెవరైనా చూసుకోండి” అన్నాడట. ఇంటికొచ్చి కుడిచేతి గడియారం విప్పి అరమీద పెట్టాడు.

మధ్యాహ్నం అందరం అన్నానికి పరిచిన ఒకే బట్ట చుట్టూ కూర్చున్నాం. సూపు చల్లారిపోతోంది, ఎవరూ చెంచా ముట్టలేదు. అత్తగారు అప్పటిదాకా బిగబట్టుకున్నది వదిలింది.

“తెలియని పని ఎవరు చెయ్యమన్నారే నిన్ను? బళ్ళో పిల్లలకు పద్యాలు చెప్పుకునేదానివి. ఇంటి పరువు కాలువలో కలిపావు. పదేళ్ళనుంచీ చూస్తున్నాను, ఇట్లాంటి పొరపాటు నఫోసత్ ఏనాడన్నా చేసిందా?”

ఆ మాట కోసమే కదా నేను ఆ ఎండాకాలమంతా చెవులొగ్గింది. వచ్చింది. వినడానికి బాగానే ఉంది కూడా. మరిది తల దించుకున్నాడు. రవ్షన్ రొట్టె తుంపుతూ నావైపు చూశాడు. మామగారు కళ్ళు మూసుకున్నాడు.

పెద్దకోడల్ని కదా, పెద్దరికం చూపించాలనిపించింది.

“పోనివ్వండి అత్తయ్యా” అన్నాను. “చిన్నపిల్ల. తప్పు నాది కూడా ఉంది. ఎక్కించేముందు నేను చూసుకోవాల్సింది. పని హడావిడిలో ఆ ముక్క చదవనేలేదు.”

ముహయ్యో అప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చలేదు. ఇప్పుడూ రాల్చలేదు. చెంచా గిన్నె పక్కన పెట్టి, తల ఎత్తి, నెమ్మదిగా అంది:

“పైలైనులో మా నాన్న పేరు కొట్టేసింది నువ్వే కదక్కా. కింది లైను కనబళ్ళేదా?”